అన్నిటికీ ఒకటే రిమోట్ అంటే నమ్మి కొనేయకండి, నేను బుక్కయ్యా

పోయిన నెల కోఠి గుజరాతీ గల్లీలో ఒక యూనివర్సల్ రిమోట్ కొన్నా. చేతిలో పట్టుకునే టైపు కాదు, నల్లగా గుండ్రంగా ఇడ్లీ అంత ఉంటుంది, వైఫైకి కలిపి ఫోన్‌లో నొక్కితే టీవీ, ఏసీ, ఫ్యాను, లైట్లు అన్నీ దాని మాట వింటాయంట. 1,800 తీసుకున్నాడు. "అన్నా, ఇగ మీ ఇంట్ల రిమోట్లన్నీ చెత్తబుట్టల పడేయున్రి" అన్నాడు షాపతను. డెమో కూడా చూపించాడు గానీ అది ఒక్క టీవీ మీదే, అప్పుడు నాకు ఆ డౌటే రాలేదు.

ఇంటికొచ్చి చూస్తే టీవీ, సెట్‌టాప్ బాక్స్ వరకు సూపర్. టీవీకి పెట్టుకున్న ఓటీటీ స్టిక్ మాత్రం పలకదు, దాని రిమోట్ బ్లూటూత్ అంట. హాల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంట్ తాగే రిమోట్ ఫ్యాన్) కూడా అంతే, కొన్ని ఫ్యాన్లకి ఐఆర్ రిమోట్ (కంటికి కనపడని కాంతితో సిగ్నల్ పంపేది) ఇస్తారు, మాదానికి ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్‌తో పనిచేసేది) ఇచ్చారు. ఈ ఇడ్లీకి తెలిసింది ఐఆర్ ఒక్కటే. అదీ గోడ దాటదు, అంటే బెడ్రూమ్ ఏసీకి ఇంకోటి కొనాలి.

హాల్లో ఏసీ పనిచేసింది, కానీ అందులో ఇంకో మెలిక ఉంది. ఐఆర్ అంటే ఇటు నుంచి చెప్పడమే, అటు నుంచి జవాబు రాదు. ఒకరోజు ఆఫీసులో కూర్చుని ఏసీ ఆఫ్ కొట్టా, యాప్‌లో ఆఫ్ అనే చూపించింది, సాయంత్రం ఇంటికెళ్తే నాన్న హాల్లో దుప్పటి కప్పుకుని ముడుచుకుని కూర్చున్నారు, ఏసీ 18లో నడుస్తోంది. అమ్మ టీవీ స్టాండ్ తుడిచి పూలకుండీ తెచ్చి సరిగ్గా దీని ముందు పెట్టింది. అసలు రిమోటేమో నేను చెప్పుల డబ్బాలో వేసి అటక మీద పడేసి ఉన్నా. ఆ రోజు పడ్డ తిట్లు ఇక్కడ రాయను.

ఇదంతా ఒకెత్తు, లైట్లు ఒకెత్తు. అసలు అందరూ జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. లైట్లు వినాలంటే స్విచ్ బోర్డులో రిసీవర్ పెట్టాలన్నాడు, ఒక్కోటి 700, మూడు కొన్నా, ఫిట్ చేయడానికి ఎలక్ట్రీషియన్‌ని కూడా అతనే పంపాడు. ఆ రిసీవర్‌కి కరెంట్ తెచ్చే ఫేజ్ వైరుతో పాటు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ వైరు కూడా కావాలి. మాది పాత ఫ్లాట్, లైట్ల బోర్డుల్లోకి న్యూట్రల్ వైరు తీసుకురాలేదు, ఫేజ్ ఒక్కటే వచ్చి పోతుంది. ఆయన ఆ ముక్క నాకు చెప్పకుండా పక్కన సాకెట్ నుంచి పచ్చ వైరు లాగి న్యూట్రల్ ప్లేస్‌లో పెట్టేశాడు, అంటే ఎర్త్, లీకైన కరెంట్ భూమిలోకి పోడానికి ఉండే వైరు! మొదటి రెండు బోర్డులకి ఏమీ కాలేదు, మూడోది పెట్టిన దగ్గర్నుంచి ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే సేఫ్టీ స్విచ్) ఊరికే పడిపోవడం మొదలైంది. ఆయన ఏమన్నాడో తెలుసా, "సార్, ఇది పాడైంది, తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం" అని.

నయం, ఒప్పుకోలేదు. మా అపార్ట్‌మెంట్‌కి ఎప్పుడూ వచ్చే పెద్దాయన బోర్డు విప్పి, టెస్టర్ పెట్టి చూసి తల కొట్టుకున్నాడు. ఎర్త్‌లోంచి కరెంట్ లీకవుతోంది కాబట్టే ఆర్‌సీసీబీ పడుతోంది, దాని పనే అది. ఆ ఆర్‌సీసీబీ తీసేశాక ఎక్కడైనా ఎర్త్ వైరు ఊడిందంటే, రిసీవర్‌లోంచి వచ్చిన కరెంట్ అదే వైరు మీదున్న ఫ్రిజ్ బాడీకి, గీజర్ బాడీకి ఎక్కుతుందన్నాడు. తడి చేత్తో ఫ్రిజ్ తలుపు తీసేది మా అమ్మే కదా, అది విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడూ పీకించేశా.

కొనేముందు ఇంట్లో ఒక్కో రిమోట్ తీసుకుని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. స్క్రీన్ మీద ముందున్న చిన్న బల్బు ఊదా రంగులోనో తెల్లగానో మెరిస్తే ఐఆర్, మెరవకపోతే బహుశా ఆర్ఎఫ్‌నో బ్లూటూతో, ఈ ఇడ్లీకి అది అందదు. ముందు బ్యాటరీలు ఉన్నాయో లేదో చూసుకోండి, నేను ఒకదానికి చూసుకోకుండా పావుగంట నొక్కా. లైట్లకైతే బోర్డులో న్యూట్రల్ ఉందా అని మీ సొంత ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే డబ్బులు తీయండి.

షాపుకెళ్తే రిటర్న్ లేదు, కావాలంటే ఆ డబ్బులకి కేబుళ్లు తీస్కోపో అన్నాడు. 3,900కి కేబుళ్లు ఏం చేసుకోను, ఉరేసుకోడానికా? పక్కా బిల్లు తీసుకోకుండా కాగితం ముక్క మీద రాసింది తెచ్చుకోవడం నా బుద్ధి తక్కువ. అయినా ఆ ముక్క, ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్ పెట్టుకుని కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి కంప్లైంట్ ఇచ్చా, ఏమైందో తర్వాత చెప్తా. ఏసీ రిమోట్ మాత్రం ఇప్పుడు నాన్న దిండు కింద ఉంటోంది, అడిగినా ఇవ్వట్లేదు.