కమలాసాగర్ సరిహద్దు సంత: బకెట్లు కొనండి, పులస అడక్కండి

అగర్తలాకి బదిలీ అయిందని చెప్పగానే మా బావమరిది అడిగిన మొదటి మాట, "అది మన దేశమేనా బావా?" గ్యాస్ బావుల మీద పనిచేసేవాళ్లకి ఇది కొత్త కాదు. ఓఎన్జీసీలో రాజమండ్రి వాళ్లు త్రిపుర వెళ్లడం, అక్కడివాళ్లు గోదావరి ఒడ్డుకి రావడం ఎప్పట్నుంచో ఉన్నదే. మేం 2017 నుంచి మూడేళ్లు ఉన్నాం. ఆ మూడేళ్లలో చుట్టాలొస్తే ప్యాలెస్‌కీ నీర్‌మహల్‌కీ తీసుకెళ్లాం గానీ, మా అంతట మేం మళ్లీ మళ్లీ వెళ్లింది మాత్రం బంగ్లాదేశ్ సరిహద్దు మీదున్న కమలాసాగర్ సంతకే. మొన్న బదిలీ మీద అటు వెళ్తున్న కుర్రాడొకడు ఫోన్ చేసి, "అంకుల్, ఆ బంగ్లాదేశ్ సంతంటారు, నిజంగా వెళ్లదగ్గదేనా?" అని అడిగాడు. అరగంట చెప్పాను. చెప్పినదంతా ఇక్కడ పెడుతున్నాను.

అగర్తలా నుంచి దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల లోపే. గుట్ట మీద కసబా కాళీ గుడి, కింద చెరువు. ధన్యమాణిక్య మహారాజు తవ్వించాడు, రాణి కమల పేరు పెట్టాడు. చెరువు దాటగానే కంచె, కంచె దాటితే పరాయి దేశం. గుడి దగ్గర నిలబడితే కసబా స్టేషన్ మీదుగా పోయే వాళ్ల రైళ్లు కనిపిస్తాయి, కూత కూడా వినిపిస్తుంది. మా చిన్నాడు దాన్ని చూసి ఎక్కుదాం అని గొడవ. పాస్‌పోర్టు, వీసా అని వాడికి నచ్చజెప్పేలోపు రైలు వెళ్లిపోయింది.

మేమున్నప్పుడు సంత ఆదివారం ఆదివారం. అసలిది చుట్టుపక్కల అయిదు కిలోమీటర్ల లోపు ఊళ్లవాళ్ల కోసం పెట్టింది. వాళ్లకి కార్డులుంటాయి. మనలాంటి బయటివాళ్లకి ఆధార్ చూసి ఆ రోజుకి మాత్రం చెల్లే చీటీ ఇచ్చేవారు. ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు ఇంటి దగ్గరే తీయించుకోండి, అక్కడ వెతుక్కోవాలి. సంచులు బీఎస్ఎఫ్ వాళ్లు తనిఖీ చేశాక కంచెలో గేటు దాటి లోపలికి పోతాం. అవతలి గేటు దగ్గర వాళ్ల సరిహద్దు దళం బీజీబీ జవాన్లు.

లోపలికి అడుగు పెట్టగానే మా ఆవిడ, "ఇంతేనా అండీ?" అంది. ఇంతే. డెబ్బై అయిదు మీటర్ల పొడవు, డెబ్బై అయిదు మీటర్ల వెడల్పు. రెండు దేశాల ఒప్పందంలోనే అలా రాసుకున్నారు. మా ద్రాక్షారామం హైస్కూలు ఆటస్థలం ఇంతకంటే పెద్దది. సగం స్థలం మనది, సగం వాళ్లది. రేకుల షెడ్ల కింద ఇటు మనవాళ్ల దుకాణాలు, అటు వాళ్లవి. మధ్యలో గీతా గోడా ఏమీ లేదు. ఎటు నిలబడ్డా వినపడేది ఒకటే భాష, ఒకటే యాస. అవతలి కుమిల్లా వైపు బెంగాలీ. కలకత్తా వెళ్లి మూడు నెలలు నేర్చుకున్న నా బెంగాలీ ఇక్కడ చెల్లలేదు.

ఎండుచేపల సంగతి ముందు చెప్తాను, నేను వెళ్లేదే అందుకు కాబట్టి. వాళ్ల వైపు ఒక మూల శుట్కీ, అంటే ఎండుచేపలు, అమ్మేవాళ్లు కూర్చుంటారు. వాసన పట్టుకుని కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు. వెదురు బుట్టల్లో పొడుగ్గా, వెండి రిబ్బన్ల లాగా ఉన్నవి చూపించి "చురీ" అన్నాడు ముసలాయన. చేతిలోకి తీసుకుని చూస్తే మన సావళ్లే! ఒకటి విరిచి వాసన చూశాను. ఎండు సరిగ్గా పట్టింది, ఉప్పు తక్కువ. మన దగ్గర ఇసకలో ఆరబోసినవి కొంటే కూరలో ఇసక కరకరలాడుతుంది, ఇందులో రవ్వంత కూడా లేదు. ఎలా ఆరబెడతారని అడిగితే వెదురు దండెం మీద వేలాడదీసినట్టు చేత్తో అభినయించి చూపించాడు. అరకేజీ కొన్నాను. పక్క బుట్టలో చిన్నచేపలు చూపించి ఇది కూడా తీసుకో అన్నాడు గానీ అవి పులియబెట్టిన రకం. త్రిపుర వాళ్లు శిదల్ అంటారు. వాళ్లకది ప్రాణం, నాకు మాత్రం గడప దాటనివ్వలేదు మా ఆవిడ.

ఇక పులస. గోదావరి వాణ్ణి, అడక్కుండా ఉండలేను కదా. ఇలిష్ ఉందా అన్నాను. ముసలాయన నవ్వి చెయ్యి అడ్డంగా ఊపాడు. 2012లోనే వాళ్ల ప్రభుత్వం ఇలిష్ ఎగుమతి ఆపేసింది. సంతలో కూడా అదే మాట. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదితే పులస, వాళ్ల పద్మా నదికి ఎదురీదితే ఇలిష్, చేప ఒకటే. పుస్తెలమ్మైనా పులస తినాలని మన దగ్గరంటారు. పుస్తెలమ్మినా ఇక్కడ దొరకదు.

ఆ ఉక్రోషంతో బయటికొచ్చి ఒక భోజనం హోటల్లో కూర్చున్నాం. పేరు చెప్పను. కుర్రాడు చేపల పులుసు పెట్టి, "బంగ్లాదేశ్ చేప సార్, పొద్దున వచ్చింది" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసిపోయింది. చెరువులో పెంచి, ఐసు పెట్టెలో రోజుల తరబడి ప్రయాణం చేసిన శీలావతి. అగర్తలా బజారులో వీటినే చలానీ చేపలంటారు, అంటే బయటి నుంచి దిగినవి. అందులో సగం మన కొల్లేరు, భీమవరం వైపు నుంచి వచ్చే లారీల సరుకే. గోదావరి జిల్లా చేపని దేశం చివరికంటా తెచ్చి, పరాయి దేశపు చేపని చెప్పి, గోదావరి జిల్లా వాడికే పెట్టారు. కోపం కూడా రాలేదు. డబ్బులిచ్చి నవ్వుకుంటూ లేచాను.

సంతలో మనవాళ్లు ఎగబడేది వాళ్ల ప్లాస్టిక్ సామాను మీద. బకెట్లు, మగ్గులు, బుట్టలు, పీటలు, మెలమైన్ పళ్లేలు. అగర్తలాలో రెండు వందల పైన చెప్పే మూత బకెట్ ఇక్కడ నూట ముప్పైకి ఇచ్చాడు. నాలుగు కొన్నాం, రెండు ఇప్పటికీ రాజమండ్రిలో మా బాత్రూములో ఉన్నాయి. అంచు మందం, పిడి ఊడదు. అదే దుకాణంలో కాదు గానీ, పక్కాయన దగ్గర కొన్న పీట మాత్రం నెల తిరక్కుండా మా నాన్నగారి కింద పుటుక్కున విరిగింది. కూర్చునే సామాను కొనేముందు అక్కడే ఎక్కి నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. మా ఆవిడ ఆ తర్వాత ప్రతిదీ ఎక్కి చూసే కొనేది.

ఈ ధరల తేడా నాకు మొదట్లో బోధపడలేదు. త్రిపురకి మూడు పక్కలా బంగ్లాదేశ్. కలకత్తా నుంచి సరుకు రావాలంటే సిలిగురి దగ్గర కోడిమెడంత సన్నటి దారిలో దూరి, అస్సాం చుట్టి, పదహారు వందల కిలోమీటర్ల పైన నడవాలి. ఢాకా మీదుగా అయితే అందులో మూడో వంతు. బకెట్ లోపల ఉండేది గాలే. ఆ గాలికి అంత దూరం లారీ కిరాయి ఎవడు కడతాడు? కంచె అవతల తయారైన బకెట్‌కి మామూలుగా అయితే సుంకం పడుతుంది. సంతలో అది లేదు. అందుకే ఆ ధర.

మరి వాళ్లు మన దగ్గర ఏం కొంటారు? మొదట ఒప్పందంలో కూరగాయలు, పళ్లు, అటవీ సరుకు, చేనేత, ఇలాంటి ఊరి పంటలే అనుకున్నారట. నా కళ్లకి కనిపించింది పిల్లల పాలడబ్బాలు, డైపర్లు, సబ్బులు, ముఖానికి రాసుకునే క్రీములు, టీ పొడి, చాక్లెట్లు. అవతలి గేటు తెరవగానే ఆడవాళ్లు పెద్ద పెద్ద సంచులతో వచ్చి మన షెడ్ల మీద పడిపోయేవారు. చంకలో బిడ్డతో ఒకావిడ ఆరు డైపర్ ప్యాకెట్లు పేర్చుకుని గడ్డంతో అదిమిపట్టి డబ్బులు లెక్కపెడుతోంది. మనవాడొకడు పాలడబ్బా మీద అచ్చేసిన ధర కంటే ఇరవై రూపాయలు ఎక్కువ చెప్తుంటే నేను ఊరుకోలేక, "దాదా, ఎమ్మార్పీ చూడు" అన్నాను. "ఎమ్మార్పీ ఇండియాలో సార్, ఇది సంత" అన్నాడు. ఏ దేశంలో నిలబడి ఉన్నాడో వాడికే తెలియాలి.

డబ్బులు మన రూపాయలైనా వాళ్ల టాకాలైనా నడుస్తాయి. అప్పట్లో నూరు రూపాయలకి నూట ఇరవై టాకాలు, అటూ ఇటూగా. చిల్లర టాకాల్లో ఇస్తే వద్దనండి, లేకపోతే మళ్లీ ఆదివారం దాకా జేబులో పెట్టుకు తిరగాలి. మనిషికి రెండు వందల డాలర్ల దాకా కొనుక్కోవచ్చు. మొదట్లో ఇంకా తక్కువుండేది, 2017లో పెంచారు. అమ్మేవాళ్లని కూడా అప్పుడే ఇటు ఇరవై అయిదు, అటు ఇరవై అయిదు నుంచి యాభై చొప్పున చేశారు. మేఘాలయలో కలాయ్‌చర్ దగ్గర 2011లో మొదటి సంత పెట్టారు. కమలాసాగర్‌ది 2015 జూన్‌లో మొదలైంది.

ఇక్కడ నా వృత్తి ధర్మం కొద్దీ ఒక మాట చెప్పాలి, సంతతో సంబంధం లేదనుకోకండి. దారిలో సూర్యమణినగర్ వస్తుంది. అక్కడి నుంచి కరెంటు టవర్లు కంచె దాటి కుమిల్లా వైపు పోతాయి. త్రిపురలోనే పలాటానాలో మా గ్యాస్‌తో నడిచే 726 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉంది. దాని భారీ యంత్రాలు బరువుకి కొండదారిన రాలేవని బంగ్లాదేశ్ వాళ్ల ఆశుగంజ్ రేవులో దించి, వాళ్ల రోడ్ల మీద తెచ్చారు. ఆ లారీల కోసం తితాస్ నదికి అడ్డంగా కట్ట వేస్తే అక్కడివాళ్లకి కోపమొచ్చింది. రాదూ మరి? ఆ బాకీకి జవాబా అన్నట్టు 2016 మార్చిలో ఇటు నుంచి నూరు మెగావాట్ల కరెంటు అటు వెళ్లింది. అదే రోజు అటు నుంచి కాక్స్ బజార్ సముద్రపు కేబుల్ ఇంటర్నెట్ అగర్తలాకి వచ్చింది. మా క్వార్టర్స్‌లో పిల్లలు వీడియోలు చూసుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొచ్చేది. తీగకి చీటీ అక్కర్లేదు, ఆదివారం దాకా ఆగక్కర్లేదు. మనుషులకి మటుకు స్కూలు గ్రౌండంత చోటు, చేతికి రెండు వందల డాలర్ల లెక్క. సంత మీద నా ఫిర్యాదు ఏదన్నా ఉంటే ఇదొక్కటే. దీన్ని పదింతలు చేసినా పట్టేంత జనం ఉన్నారు.

మార్కులేయమంటే అయిదుకి నాలుగు. ఎండుచేపలకి అయిదు, బకెట్లకి నాలుగున్నర, పీటలకి సున్నా. బిస్కెట్లు, లిచీ రసాలు పిల్లలకి బాగా నచ్చాయి గానీ అవి ఊళ్లో కూడా దొరుకుతాయి, అక్కణ్ణుంచి మోసుకురానక్కర్లేదు. చీరలు చూశాం, మా ఆవిడకి ఒక్కటీ ఆనలేదు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి మంచి సరుకు ఉండదు.

ఒకటి చూసొచ్చాను, దానికి మార్కులు వేయడం నా వల్ల కాదు. ఒక చలికాలం ఆదివారం, షెడ్డు స్తంభానికి ఆనుకుని ఇద్దరు ముసలివాళ్లు కింద గుడ్డ పరుచుకుని కూర్చున్నారు. ఏమీ కొనట్లేదు, అమ్మట్లేదు. ఆవిడ ఇటు బిశాల్‌గఢ్ వైపు నుంచి, ఆయన అటు నుంచి. అక్కా తమ్ముడట. ఆవిడ క్యారియర్ విప్పి పిఠాలు, అంటే బియ్యప్పిండి వంటలు, పెడుతోంది. ఆయన తింటూ తింటూ మధ్యలో ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఆవిడ చూసి జేబు మీద చిన్నగా కొట్టి ఇంకో నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చింది. మూసే వేళ ఈల ఊదాక ఎవరి గేటు వైపు వాళ్లు నడిచారు.

మేం 2020 జనవరిలో వచ్చేశాం. మార్చిలో కరోనాకి గేట్లు మూసేశారు, మళ్లీ తెరవడానికి ఏళ్లు పట్టింది. రెండు దేశాల మధ్య ఏం జరిగినా ముందు మూతపడేది ఇలాంటి గేటే, కాబట్టి అగర్తలాలో కనుక్కున్నాకే బయల్దేరండి. మూసి ఉంటే గుడి చూసుకుని, రైలు చూసుకుని రావచ్చు.

ఆ సావళ్లు మూడు కవర్లలో చుట్టి, బట్టల మధ్య దాచి విమానంలో తెచ్చాను. మా అమ్మ వంకాయ వేసి వండి, రెండో ముద్దకి ఆగి, "ఎక్కడివిరా ఇవి, ఉప్పాడవా?" అంది. బంగ్లాదేశ్‌వి అన్నాను. "ఈసారి కేజీ తే" అంది.