తామరాకు గుణమున్న గోడరంగు: రెండు వానాకాలాల తరువాత

కాకినాడలోని మా ఇంటి పడమటి గోడకు రెండేళ్ల క్రితం, తామరాకులా నీటిని అంటనివ్వదని చెప్పే రంగు వేయించాము. ఇది ఉత్త ప్రచారం కాదు. తామరాకు పైనుండే కంటికి కనిపించనంత చిన్న బుడిపెలూ, వాటిని కప్పిన మైనమూ కలిసి నీటిని గుండ్రని బొట్లుగా నిలబెడతాయనీ, దొర్లిపోయే ఆ బొట్లు దుమ్మును కూడా మోసుకుపోతాయనీ జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్ 1997లో వివరించారు. 1999లో ఆ సూత్రంతో అక్కడ గోడరంగు మార్కెట్లోకి వచ్చింది.

మొదటి వానకు గోడ దగ్గరే నిలబడి చూశాను. చినుకు పడిన చోట తడి మరక ఏర్పడలేదు. పూసలాంటి బొట్టు బూడిదరంగు ధూళిని చుట్టుకొని జారిపోయింది. రంగులు వేసిన మేస్త్రి మాత్రం ఇది ప్లాస్టిక్ పూతేనేమోనని చివరిదాకా సందేహించారు. తామరాకు మీద నీటిబొట్టు అనే మాట వింటూ పెరిగిన మా అమ్మ వెంటనే నమ్మింది. కొత్త విజ్ఞానానికి ఇంతకంటే మంచి పరిచయం ఉండదనిపించింది.

అయితే చేతులు తగిలే ఎత్తులోనూ, సైకిళ్లు ఆనించే మూలలోనూ ఏడాదికే ఆ గుణం పోయింది. వంటగది కిటికీ కింద నూనె జిడ్డు పట్టిన చోట అసలు పనిచేయలేదు. ఆకు తన మైనాన్ని తానే మళ్లీ తయారుచేసుకుంటుంది, గోడకు ఆ శక్తి లేదు. ఈ సంగతి డబ్బా మీద రాయకపోవడం తయారీదారు తప్పే. ఎవరి చేయీ తగలని పై అంతస్తు గోడలకు దీనిని తప్పక వేయించుకోండి. వీధి వైపు కింది భాగానికి మామూలు రంగు చాలు.