ఫైర్‌ఫాక్స్: ఏళ్ల తరబడి వాడాక

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా... బ్రౌజర్ల పేర్లు ఎన్ని ఉన్నా లోపలి సరుకు ఒక్కటే, గూగుల్ ముందుండి నడిపించే క్రోమియం. 2020లో మైక్రోసాఫ్ట్ కూడా పేజీలను తెరమీద చూపించే సొంత ఇంజను వదిలేసి ఆ గూటికే చేరింది. కంప్యూటర్ మీద వేరే దారిలో నడుస్తున్న పెద్ద బ్రౌజర్లలో ఫైర్‌ఫాక్స్ ఒకటి. అలాగని నేనేదో ఉద్యమస్ఫూర్తితో దీన్ని వాడుతున్నానని అనుకోకండి. నా పని దీనిలో సాఫీగా సాగుతుంది, అంతే.

మా పరిచయం తెలుగు పత్రికల పుణ్యమే. అప్పట్లో ఒక్కో పత్రిక సైటుకు ఒక్కో ఫాంటు ఉండేది. అది లేకపోతే తెర నిండా పిచ్చి గీతలే. ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే యాడాన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఆ గీతలను ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే చక్కటి యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్ పాత తరహా యాడాన్లన్నిటికీ చెల్లుచీటీ రాసింది. అప్పటికి పత్రికలు చాలావరకు యూనికోడ్‌కు మారిపోయాయి కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు ఫాంటు బెడద తీరింది, ప్రకటనల బెడద పట్టుకుంది. నాలుగు పేరాల వార్త చదవాలంటే మధ్యలో మూడుచోట్ల గచ్చిబౌలి ఫ్లాట్లు, కోకాపేట విల్లాలు అడ్డం వస్తాయి. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడాన్ వేసుకుంటే అవన్నీ మాయం. క్రోమ్‌లో యాడాన్ల నియమాలు మారాక దాని పూర్తి రూపానికి చోటు లేకుండా పోయింది, ‘లైట్’ అనే కుదించిన రూపమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో అసలుది ఇప్పటికీ నడుస్తోంది. నా మట్టుకు ఈ ఒక్క కారణం చాలు.

దానితోపాటు రీడర్ వ్యూ. విండోస్‌లో ఎఫ్9 నొక్కితే పేజీలో వ్యాసం తప్ప మరేమీ మిగలదు. అక్షరాల పరిమాణం, వరుసల మధ్య దూరం మన ఇష్టం. ఆ రెండోది తెలుగువాళ్లకు ఎంత అవసరమో సైట్లు తయారు చేసేవాళ్లకు పట్టదు. ఇంగ్లిషు కొలతలతో వరుసలు పేర్చేస్తారు. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడుల మీద కూర్చుంటాయి. దూరం రెండు మెట్లు పెంచి చూడండి, పేజీకి ప్రాణం వస్తుంది.

ఇంటి వ్యవహారాలకైతే కంటైనర్లు, అంటే ఒక ఖాతా మరోదానితో కలవకుండా విడివిడిగా ఉంచే అరలు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, అమ్మ పింఛను, అన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వాళ్లే ఇచ్చే మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే యాడాన్ వేసుకుని అమ్మ ఈమెయిల్‌కు ఆకుపచ్చ, నాదానికి నీలం, ఆఫీసుకు నారింజ రంగు పెట్టాను. మూడు ఖాతాలు ఒకే కిటికీలో పక్కపక్క ట్యాబుల్లో తెరిచే ఉంటాయి. ట్యాబు మీది సన్నటి రంగు గీత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. క్రోమ్‌లో ప్రొఫైళ్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో కిటికీ. నాకు ఆ గందరగోళం సరిపడదు.

ఇక చిరాకులు. కొన్ని సైట్లు క్రోమ్ తప్ప మరొకటి ఉందని ఒప్పుకోవు. ఒక బ్యాంకు పేజీ ఓటీపీ దాకా బాగానే తీసుకెళ్లి, ఆ తర్వాత చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. డబ్బు కట్టే చోట అలా జరిగితే ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే క్రోమ్‌ను కూడా తీసేయలేదు, చెల్లింపులు మొండికేస్తే అక్కడికి వెళ్తాను. మొజిల్లా తీరు మీద కూడా నాకు గుర్రే. ఆదాయంలో సింహభాగం గూగుల్ నుంచే తీసుకుంటూ గోప్యత గురించి ఉపన్యాసాలిస్తుంది. తర్వాత చదువుకుందామని వ్యాసాలు దాచుకునే పాకెట్ సేవను 2025 జులైలో మూసేసింది.

ఫోనులో, అదీ ఆండ్రాయిడ్ అయితే, మారుమాట లేకుండా ఇదే వేసుకోమంటాను. యూబ్లాక్ అక్కడా పనిచేస్తుంది. చిరునామా పట్టీని తెర అడుగున పెట్టుకోవచ్చు కాబట్టి మియాపూర్ మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేతి బొటనవేలితోనే కథ నడిపించవచ్చు. ఐఫోనులో మాత్రం యాడాన్లకు చోటు లేదు, పేరే ఫైర్‌ఫాక్స్.

నాన్నగారి కంప్యూటర్‌లో ఎడ్జ్‌నే ఉంచాను. ఆయనకు చిన్న అక్షరాలు ఆనడం లేదు, పెద్దవి చేసినా త్వరగా అలసిపోతారు. ఎడ్జ్‌లో ‘రీడ్ అలౌడ్’ తెలుగు వ్యాసాలను మోహన్, శ్రుతి అనే రెండు గొంతుల్లో వినసొంపుగా చదివి పెడుతుంది. ఫైర్‌ఫాక్స్ కూడా చదువుతుంది గానీ, విండోస్‌లో ఉన్న గొంతులనే వాడుకుంటుంది. మా కంప్యూటర్‌లో తెలుగు గొంతు లేదు. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్లుంటే ఎడ్జ్‌లో వ్యాసం తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కండి. ఇంటర్నెట్ ఉండాలన్నది గుర్తుంచుకోండి.