మంగోలియాలో పుట్టుజుట్టు వేడుక: తాతగారి గెర్‌లోనా, నగరం హాల్లోనా, ఏది మేలు?

మంగోలియాలో పిల్లలకు మొదటిసారి జుట్టు తీసే వేడుకను దాహి ఉర్గేఖ్ అంటారు. మగపిల్లలకు మూడో ఏటో ఐదో ఏటో, ఆడపిల్లలకు రెండో ఏటో నాలుగో ఏటో చేస్తారు. మన పుట్టువెంట్రుకలకూ మూడో ఏడు, ఐదో ఏడు అని బేసి ఏళ్లు చూసేవాళ్లున్నారు కాబట్టి ఈ లెక్క మనకు కొత్తేం కాదు. వయసు దగ్గర పేచీ లేదు, చోటు దగ్గరే వస్తోంది. దాదాపు 35 లక్షల జనాభాలో సగం మంది రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉంటున్నారు. చాలామందికి తాతలు, నాయనమ్మలు మాత్రం ఇంకా పశువులతో పచ్చిక మైదానాల్లోనే ఉన్నారు. మరి వేడుక వాళ్ల గుడారం, అంటే గెర్‌లో చేయాలా, నగరంలో రెస్టారెంట్ హాలు మాట్లాడుకోవాలా?

హాలు వైపు వాదన బలంగానే ఉంది. ఆఫీసు వాళ్లు, స్నేహితులు అందరూ వస్తారు, వంట టెన్షన్ ఉండదు. చలికాలంలో ముహూర్తం పడితే మైనస్ 30 డిగ్రీల్లో పసిబిడ్డతో వందల కిలోమీటర్ల ప్రయాణం నేనైతే వద్దనే అంటాను.

కానీ వేసవిలో వీలుంటే గెరే మేలు. కారణం వేడుక జరిగే తీరులోనే ఉంది. జుట్టు తీసేది మంగలి కాదు, వచ్చిన ప్రతి మనిషీ. కత్తెరకు ఖదగ్ అనే నీలం పట్టువస్త్రం కడతారు. బిడ్డ జన్మ సంవత్సరానికి పొంతన కుదిరే సంవత్సరంలో పుట్టిన పెద్దమనిషి మొదటి పాయ కత్తిరిస్తాడు. తర్వాత బిడ్డ ఆ కత్తెరతో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తుంది. వాళ్లు ఒక చిన్న పాయ కత్తిరించి, దీవించి, కానుక చేతిలో పెడతారు. తీసిన జుట్టు ఖదగ్‌లో మూటగట్టి ఇంట్లో దాచుకుంటారు. గెర్‌లో అందరూ పొయ్యి చుట్టూ కూర్చుంటారు, పెద్దల చోటు గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. బిడ్డకు ప్రతి ముఖమూ దగ్గరే. మధ్యలో ఏడ్చినా, నాయనమ్మ ఒళ్లో కాసేపు పడుకున్నా ఎవరూ తొందరపెట్టరు. హాల్లో ఎనభై మంది ఉంటే సగం మంది వంతు వచ్చేసరికే బిడ్డ అలిసిపోతుంది. ఆ తర్వాత వేడుక ఫొటోల కోసమే నడుస్తుంది. పసిబిడ్డను అంత అలసట పెట్టడం నాకు నచ్చదు.

కానుకల సంగతికొస్తే తేల్చడం కష్టం. మైదానాల్లో గొర్రెపిల్లనో, మేకనో, దూడనో, గుర్రప్పిల్లనో బిడ్డ పేరున ఇస్తారు. అది తాతగారి మందలోనే పెరుగుతుంది. ఆడగొర్రె ఏటా ఒక పిల్లను ఈనుతుంది. మేకకైతే వసంతంలో దువ్వి తీసే కాశ్మీరా ఉన్నికి మంచి ధర పలుకుతుంది. బిడ్డ బడికెళ్లే వేళకు తనదంటూ చిన్న మంద తయారవుతుంది. నగరంలో తుగ్రిక్ (మంగోలియా కరెన్సీ) నోట్లు, బొమ్మలు ఇస్తారు. నోట్లను బ్యాంకులో బిడ్డ పేరున వేస్తే భద్రంగా ఉంటాయి, కాకపోతే ధరలు పెరిగేకొద్దీ వాటి విలువ తగ్గిపోతుంది.

పశువులకున్న ముప్పు అంతకంటే పెద్దది. అది జుద్, మేత దొరకనివ్వని గడ్డు చలికాలం. 2023-24 జుద్‌లో 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. అలాంటి ఏడాది బిడ్డ మంద ఒక్క చలికాలంలోనే తుడిచిపెట్టుకుపోవచ్చు.

అందుకని నా ఓటు ఇలా: వేడుక వేసవిలో తాతగారి దగ్గర, తక్కువ మందితో. దగ్గరి బంధువులు ఒకటి రెండు పశువులు ఇవ్వాలి, మిగతావాళ్లు డబ్బు ఇస్తే చాలు. తాతగారికి మంద లేకపోతే, లేదా చూసుకునే ఓపిక తగ్గితే, పశువుల ఊసు ఎత్తకుండా అంతా బ్యాంకులోనే వేయడం మంచిది. ఊళ్లో ఎవరూ లేనివాళ్లకు హాలే గతి. వాళ్లు కత్తెర పట్టేవాళ్లను పాతిక మందికి మించనీయకుండా చూసుకుంటే బిడ్డకు సుఖం.