ఫాంటమ్ లిబర్టీ: రెండు దారులూ ఆడి చూశాక

కథ కోసం ఆడేవాళ్లయితే సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్‌కి వచ్చిన ఫాంటమ్ లిబర్టీ అనే ఈ విస్తరణ (విడిగా కొనే అదనపు భాగం) కళ్లు మూసుకుని కొనుక్కోండి. కారులోంచి కాల్పులు, వెంటపడే పోలీసులు, కొత్త పెర్కులు (పాత్రకి అబ్బే అదనపు శక్తులు) చూసి ముచ్చటపడి కొందామనుకుంటే మాత్రం కాస్త ఆగండి. అవన్నీ 2023 సెప్టెంబర్ 21న వచ్చిన 2.0 అప్‌డేట్‌లోవి. అసలు గేమ్ ఉన్నవాళ్లకు పైసా ఖర్చు లేకుండా వస్తాయి. ముందు ఆ అప్‌డేట్ వేసుకుని పది గంటలు ఆడండి. గేమ్ జరిగే నగరం నైట్ సిటీ ఇంకా కావాలనిపిస్తేనే డబ్బులు తీయండి.

డబ్బు కడితే వచ్చేది డాగ్‌టౌన్ అనే కొత్త పేట, అక్కడి కథ, రెలిక్ (పాత్ర తలలోని చిప్) నైపుణ్యాల చెట్టు, 50 నుంచి 60కి పెరిగే లెవెల్ హద్దు, అసలు గేమ్‌కి ఇంకో ముగింపు. వీటితోపాటు ఆకాశం నుంచి పడే సరుకు పెట్టెలు, కార్ల దొంగతనం పనులు కూడా ఉన్నాయి. నాలుగైదు సార్లు చేసేసరికి అవి మొహం మొత్తుతాయి. మిస్టర్ హ్యాండ్స్ అనే దళారి ఇచ్చే పనులు అలా కాదు, అసలు గేమ్‌లోని చిన్న పనులకంటే చాలా శ్రద్ధగా రాశారు. వెళ్లి కాల్చేసి రావడంతో అయిపోదు, మధ్యలో ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవాల్సి వస్తుంది. ప్రధాన కథ ఒక్కటే పట్టుకుంటే 13 నుంచి 15 గంటలు. అన్నీ తిరిగితే దానికి రెట్టింపు దాటుతుంది.

మన విశాఖలో సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనేవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ విస్తరణ ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో రాదు, 2.0 కూడా రాదు. పీఎస్4 డిస్కు ఉంటే డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5లో పెట్టి పీఎస్5 వెర్షన్ ఉచితంగా దించుకోవచ్చు. కానీ ఆ డిస్కు ఏ రీజియన్‌దో, విస్తరణ కొన్న అకౌంట్ కూడా అదే రీజియన్‌ది కావాలి. వేరే దేశం నుంచి తిరిగి తిరిగి వచ్చిన డిస్కు చవగ్గా దొరికిందని కొని, ఇండియా అకౌంట్‌లో విస్తరణ కొంటే రెండూ కలవకపోవచ్చు. కొనేముందే అట్ట వెన్ను మీదున్న కోడ్ చూసుకోండి. పీసీలోనూ అంతే, గేమ్ ఏ స్టోర్‌లో ఉంటే విస్తరణా అక్కడే కొనాలి. ఇంకా ఏదీ కొననివాళ్లు విడివిడిగా లెక్కలేసుకోవద్దు, రెండూ కలిపిన అల్టిమేట్ ఎడిషన్ ఉంది.

పీసీ విషయానికొస్తే హార్డ్ డిస్క్‌కి కాలం చెల్లింది, ఎస్ఎస్‌డీ తప్పనిసరి. పాత డిస్క్ మీదే నడిపిస్తే మనుషులు వచ్చాక ఎప్పటికో మొహాలు తేటపడతాయి, మాట ఆలస్యంగా వినిపిస్తుంది. కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు అడుగుతున్నారు. ఆ కార్డుతో 1080పీలో తక్కువ (లో) సెట్టింగ్స్ మీద 30 ఫ్రేములు ఆశించాలి, అంతే. డాగ్‌టౌన్ స్టేడియంలోని సంతలో అదీ నిలవదు. అక్కడ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి సెట్టింగ్స్‌లో జనసమ్మర్దం తగ్గించండి, వెంటనే తేడా తెలుస్తుంది.

ఎనిమిది కోర్ల ప్రాసెసర్ మీద 90 శాతం లోడ్ మామూలేనని, కూలింగ్ సరిచూసుకోమని విడుదలకు ముందు గేమ్ తయారీదారులే చెప్పారు. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు కిటికీ తీసి పీసీ పెట్టుకునేవాళ్లు ఆ మాట రెండుసార్లు చదువుకోవాలి. సముద్రపు తేమకి దుమ్ము పొడిగా ఉండదు, హీట్‌సింక్ రెక్కల మధ్య బంకలా పేరుకుంటుంది. ఉత్త బ్లోయర్ గాలికి అది ఊడదు. కరెంటు ప్లగ్ తీసేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో ముందు కదిపి తర్వాత బ్లోయర్ కొట్టాలి.  ఎండాకాలం ఉక్కపోతలో ఆడుతూ ఆడుతూ గేమ్ హఠాత్తుగా మూసుకుపోతుంటే, గేమ్‌ని తిట్టేముందు ప్రాసెసర్ వేడి ఎంతుందో చూడండి.

కరెంటు పోయినప్పుడు 600 వీఏ యూపీఎస్ మోసేది దాదాపు 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డుంటే 1000 వీఏకి తగ్గొద్దు. ఫైట్ జరుగుతున్నప్పుడు సేవ్ కాదు కాబట్టి ప్రతి ఫైట్‌కీ ముందు సేవ్ కొట్టడం అలవాటు చేసుకోండి. పాత మోడ్స్ (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) ఉంటే అన్నీ తీసేశాకే మొదలుపెట్టాలి.

కొత్త గేమ్ మొదలుపెట్టేటప్పుడు నేరుగా విస్తరణలోకి దూకే అవకాశం ఇస్తారు. దాన్ని ముట్టుకోకండి. అసలు గేమ్‌లో వూడూ బాయ్స్ అనే హ్యాకర్ ముఠా కథ ముగిశాక ప్రభుత్వం తరఫున పనిచేసే హ్యాకర్ సాంగ్‌బర్డ్ ఫోన్ చేస్తుంది, అదీ సరైన సమయం. మనం ఆడే పాత్ర వీ తలలోని చిప్‌లో జానీ అనే చనిపోయిన రాక్ గాయకుడు ఉన్నాడని, ఆ చిప్ వీని కొద్దికొద్దిగా తినేస్తోందని అప్పటికి ఆడేవాళ్లకి ఒంటికి పట్టి ఉంటుంది. నీకు వైద్యం ఉంది అని ఆమె అన్నప్పుడు ఆ మాట బరువు అప్పుడే తెలుస్తుంది. లోపలికెళ్లాక మొదటి కొన్ని మిషన్లు అయ్యేదాకా డాగ్‌టౌన్ దాటి రాలేరు. తూటాలు, మందులు, సైబర్‌వేర్ (ఒంట్లో అమర్చుకునే యంత్ర భాగాలు) ముందే సర్దుకుని వెళ్లాలి.

కథంతా ఇద్దరి మధ్య నలుగుతుంది. సాంగ్‌బర్డ్‌కి ప్రాణభయం. సాలమన్ రీడ్, ఏడేళ్లు మాటుగా పడి ఉండి పిలుపు రాగానే లేచి వచ్చిన గూఢచారి. ఇద్దరూ అబద్ధాలు చెబుతారు, ఇద్దరి అబద్ధాలకీ కారణం ఉంటుంది. ఇడ్రిస్ ఎల్బా రీడ్‌కి ఇచ్చిన గొంతులో అలసట వినండి. సబ్‌టైటిల్స్ తెలుగులో లేవు. సంభాషణలే ప్రాణం కాబట్టి అక్షరాల సైజు పెంచుకోండి. కొన్ని జవాబుల కింద గీత కరిగిపోతూ ఉంటుంది, అది అయిపోయేలోపు ఎంచుకోకపోతే మౌనమే మీ జవాబవుతుంది. డాగ్‌టౌన్‌ని ఏలే హాన్సెన్ ఇచ్చే విందులో హ్యాకర్ కవలల ఎదుట రూలెట్ బల్ల దగ్గర కూర్చున్న ఘట్టంలో ఒక్క తూటా పేలదు, అయినా మొత్తం విస్తరణలో అంత ఉత్కంఠ ఇంకెక్కడా లేదు.

ఫైర్‌స్టార్టర్ అనే మిషన్‌లో దారి రెండుగా చీలుతుంది. దానికి ముందు విడిగా ఒక సేవ్ పెట్టుకుని, దాన్ని ఎప్పుడూ చెరపకండి. రీడ్ వైపు వెళితే చివర్లో ఒక బంకర్‌లో చిక్కుకుంటారు. అక్కడ తిరిగే యంత్రాన్ని చంపడం కుదరదు, కంటపడితే చావే. లెవెల్ 60 అయినా పనికిరాదు. పరుగెత్తకుండా వంగి నడుస్తూ, అది గది దాటాకే కదలాలి. మొదటిసారి చాలామంది ఓడేది తొందరపడే. తుపాకుల ఆట అనుకుని వచ్చినవాళ్లకు ఆ అరగంట చిరాకు పుట్టిస్తుంది. నాకైతే ఈ విస్తరణలో అతి ధైర్యంగా రాసింది అదే. హ్యాకింగ్‌కి వాడే క్యాంటో సైబర్‌డెక్ కావాలన్నా ఆ దారి తొక్కాల్సిందే. కొత్త ముగింపు మాత్రం సాంగ్‌బర్డ్‌ని ప్రభుత్వానికి అప్పగిస్తేనే తెరుచుకుంటుంది. ఆమెని రాకెట్ ఎక్కించి పంపేస్తే అది మూసుకుపోయినట్టే. అప్పుడు ఆ పాత సేవ్‌కి తిరిగి రావాలి.