కారు డోరు హ్యాండిల్ బిగుసుకుంటే ఏది మేలు: స్ప్రేనా, గ్రీజా, కొత్త హ్యాండిలా?

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మా ఇంటి నుంచి సముద్రం కనిపించదు. కానీ రాత్రంతా బయటున్న కారు అద్దం మీద పొద్దున్నే వేలు పెట్టి రాస్తే ఉప్పు జిగురు తగులుతుంది. 2006లో కొన్న చిన్న కారు మాది. డ్రైవర్ వైపు హ్యాండిల్ ఎత్తితే సగంలో ఆగిపోయేది, మళ్లీ చేత్తో కిందికి నొక్కాలి. వెనక ఎడమ డోరుకైతే రెండు చేతులూ కావాలి. మా అత్తయ్య ఎక్కాలంటే నేను దిగి తీయాల్సిందే.

డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. డోరు తెరిచే ఉంచి, దాని అంచున ఉండే లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసుకునేలా తోయండి. ఇప్పుడు హ్యాండిల్ లాగి చూడండి. టక్కున వదిలేసిందా, తప్పు హ్యాండిల్‌ది కాదు. డోరు కాస్త కిందికి జారి కొక్కెం సరిగ్గా కూర్చోవట్లేదు, లేదా కొత్తగా వేయించిన రబ్బరు బీడింగ్ ఎదురు తోస్తోంది. అప్పుడు ఎంత నూనె పోసినా దండగే. కొక్కెం మూసి ఉండగా మాత్రం డోరు వేయకండి, హ్యాండిల్ లాగి వదిలించాకే వేయాలి. తెరిచి ఉన్నా బిగువుగానే ఉంటే అప్పుడు ఈ మూడింట్లో ఏదని చూసుకోవాలి.

చాలామంది ముందు చేసేది స్ప్రే. నేనూ అదే చేశాను. 1953లో తయారైన డబ్ల్యూడీ-40 సంగతే చూడండి, డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే నీటిని తరిమేది. తడి పోగొట్టడానికి, తుప్పు వదిలించడానికి బాగానే పనికొస్తుంది. అయితే అందులోని ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది పలచటి పొరే. మన ఉప్పుగాలికి అదెంతసేపు? కొట్టిన రోజు వెన్నలా కదిలిన హ్యాండిల్ మూడు వారాలకి మళ్లీ మొదటికొచ్చింది. కొబ్బరి నూనె పోస్తే ఇంకా అన్యాయం, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. తాళం చెవి తిరగడమే కష్టంగా ఉంటే నూనె జోలికి పోకుండా గ్రాఫైట్ పొడి వేయండి.

రెండోది డోరు ప్యాడ్, అంటే డోరుకి లోపలివైపు ఉండే కప్పు, విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించడం. కంచరపాలెంలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అద్దం పూర్తిగా పైకెత్తించాడు. అద్దం తిప్పే పిడి వెనకాల గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్పు ఎగిరి కింద పడింది. ప్యాడ్, దాని వెనక ప్లాస్టిక్ కాగితం తీసేసరికి లోపల స్ప్రింగు చుట్టూ ఎర్రటి తుప్పు, నా స్ప్రేకి అతుక్కున్న నల్లటి మడ్డి.

"ఏటండీ, పైపైన కొట్టీసి వదిలీసారా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

పాత టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి, ఆరాక హ్యాండిల్ ఇరుసుకీ, స్ప్రింగుకీ, కొక్కేనికీ తెల్ల లిథియం గ్రీజు పట్టించాడు. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో పూడుకుపోయి ఉంటే తీగతో పొడిచాడు. వాన పడ్డాక బ్రేకు వేసినప్పుడల్లా డోర్లో గలగలమన్న చప్పుడు ఎందుకో అప్పుడు అర్థమైంది. ప్లాస్టిక్ కాగితాన్ని మళ్లీ సరిగ్గా అతికించమని దగ్గరుండి అడగండి. అది వదిలేస్తే వాననీళ్లు ప్యాడ్‌ని నానబెడతాయి.

ఇక కొత్త హ్యాండిల్. పాతది పగిలినా, ఇరుసు రంధ్రం అరిగి వదులైనా తప్పదు. మా వెనక డోరుది అదే కథ, ఇరుసు దగ్గర జుట్టంత సన్నటి పగులు. కొక్కెం బిగుసుకుని ఉంటే లాగిన బలమంతా హ్యాండిల్ మీదే పడుతుంది. కాబట్టి కొక్కేన్ని బాగుచేయకుండా కొత్తది బిగిస్తే దానికీ అదే గతి పడుతుంది. ప్యాడ్ ఎలాగూ విప్పాలి కాబట్టి గ్రీజు పని కూడా అప్పుడే చేయించేయండి. ముందు డోరైతే చెవి దూర్చే తాళం బ్యారెల్‌ని పాత హ్యాండిల్ నుంచి తీసి కొత్తదానికి బిగించుకోండి, లేకపోతే కారుకి రెండు తాళం చెవులు మోయాలి.

బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లకి నా ఓటు గ్రీజుకే. ఒక్కో డోరుకి గంటన్నర పట్టింది, ఒక వానాకాలం గడిచినా కదలిక అలాగే ఉంది. స్ప్రే డబ్బా మాత్రం పారేయలేదు, గేటు గొళ్లేనికి వాడుతున్నాను.

ఇప్పుడు అత్తయ్య తనే డోరు తీసుకుని ఎక్కుతున్నారు. పాత అలవాటు కదా, ఇంకా రెండు చేతులతోనే లాగుతున్నారు.