టిల్టిఫై రివ్యూ: యువత ఆత్మహత్యల నివారణకు అభిమానులు విరాళాలు సేకరించాలంటే

అభిమాన సంఘం చందాలు మొదలుపెట్టిన మర్నాటి నుంచే గుసగుసలు మొదలవుతాయి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, లెక్క ఎవరు చూపిస్తారు అని. టిల్టిఫై అంటే సేవాసంస్థల కోసం, ఎక్కువగా ఆన్‌లైన్ లైవ్ ప్రసారాల ద్వారా, విరాళాలు సేకరించే వెబ్‌సైట్. అందులో ఆ గొడవకు చోటు లేదు. పేజీ తెరిచిన అభిమాని చేతికి ఒక్క డాలరు కూడా రాదు. విరాళం సేవాసంస్థకే వెళ్తుంది, ఇచ్చినవాళ్ల మెయిల్‌కి రసీదు వస్తుంది. ఈ ఒక్క గుణం చాలు దీన్ని సిఫారసు చేయడానికి. అయితే మామూలు చందాలకు పనికొచ్చే ప్రతి హంగూ ఈ పనికి పనికిరాదు. కొన్నింటిని ఆపేయాలి, కొన్నింటి దగ్గర మనిషిని కూర్చోబెట్టాలి.

పేజీ తెరవడం అరగంట పని. ఖాతా తీసుకుని, సంస్థను వెతికి, శీర్షిక, లక్ష్యం, తేదీలు ఇస్తే అయిపోయింది. ఒకే రకం పేర్లున్న సంస్థలు ఉంటాయి కాబట్టి సంస్థ సొంత వెబ్‌సైట్ పక్కన తెరిచి పెట్టుకుని సరిచూసుకోండి. లక్ష్యం చిన్నదే పెట్టండి. మొదటిసారి 500 డాలర్లు చాలు, దాటాక పెంచుకోవచ్చు. 5,000 అని రాసి, వసూలైన మొత్తం చూపే గీత 300 దగ్గర ఆగిపోతే కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వబుద్ధి కాదు.

అభిమానులకు బాగా పట్టేది ఓటింగ్. ఏ పాత్ర బొమ్మ గీయాలి, ఏ ఎపిసోడ్ గురించి మాట్లాడాలి అని రెండు ఎంపికలు ఇస్తే ఎవరి పక్షానికి వాళ్లు డబ్బు వేస్తారు. మూడు నాలుగు ఎంపికలు పెడితే ఓట్లు చీలి పోటీ చప్పబడుతుంది. బహుమతుల విషయంలో జాగ్రత్త. స్టిక్కర్లు, ప్రింట్లు పంపుతామంటే పోస్టు చేయాల్సింది మీరే. సంఖ్యకు పరిమితి పెట్టకపోతే 10 డాలర్ల విరాళానికి విదేశీ తపాలా ఖర్చు అంతకు మించుతుంది. నిద్ర మానేసి 24 గంటలు లైవ్ చేయడం, తిండి మానేయడం లాంటి సవాళ్లు ఈ పనికి అసలు తగవు. మనసు కుదుటపడాలంటే నిద్ర కావాలని చెప్పే సంస్థ కోసం నిద్ర చెడగొట్టుకోవడం ఏ రకంగానూ సబబు కాదు.

లైవ్ తెర మీద గీత, విరాళాల ప్రకటన చూపించడానికి ఓబీఎస్‌లో (లైవ్ ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్) బ్రౌజర్ సోర్స్ చేర్చి టిల్టిఫై ఇచ్చిన లింకు అతికిస్తే చాలు. లైవ్ మధ్యలో అంకె కదలడం మానేస్తే కంగారు పడకండి. సోర్స్ ప్రాపర్టీస్ తెరిచి కింద ఉన్న రిఫ్రెష్ బటన్ నొక్కితే చాలాసార్లు దారికొస్తుంది. అసలు పేజీలో మొత్తం పెరుగుతుంటే డబ్బు భద్రంగా ఉన్నట్టే.

అసలు చిక్కు విరాళంతో వచ్చే సందేశాల దగ్గర. లైవ్‌లో ఆట మధ్యలో 5 డాలర్లు వస్తాయి, దాని కింద “పోయిన ఏడాది నేనూ చచ్చిపోదామనుకున్నా” అని ఉంటుంది. మాట బయటికి చదివే యంత్రం ఆన్‌లో ఉంటే ఆ వాక్యం మొత్తం, కొన్నిసార్లు ఎలా ప్రయత్నించారో కూడా కలిపి, వందల మంది చెవిన పడుతుంది. వాళ్లలో అదే స్థితిలో ఉన్నవాళ్లు ఉండొచ్చు. అందుకే ఆ యంత్రాన్ని ఆపేయండి. బూతుల వడపోత దీన్ని పట్టుకోదు, ఎందుకంటే ఇందులో బూతు లేదు. సందేశాలు ముందుగా చూసే ఇద్దరు మనుషులు కావాలి, గంటకోసారి మారుతూ ఉండాలి. లైవ్ నడిపేవాళ్లు చదవాల్సింది పేరు, మొత్తం, “మీరు ఈరోజు మాతో ఉన్నందుకు సంతోషం” అన్న మాట. ఆ సందేశం ఇప్పటి ప్రమాదాన్ని సూచిస్తుంటే చాట్ చూసేవాళ్లు విడిగా పలకరించి హెల్ప్‌లైన్ నంబరు ఇవ్వాలి. వైద్యం చేయబోకూడదు, రహస్యంగా ఉంచుతానని ఒట్టు వేయకూడదు.

ఆ నంబర్లు తాజావేనా అన్నది లైవ్ రోజు ఉదయం మళ్లీ చూడాలి. అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988 సేవ 2022 జూలైలో మొదలైంది. ఎల్‌జీబీటీక్యూ యువత కోసం అందులో 3 నొక్కే ఏర్పాటు 2025 జూలై 17న ఆగిపోయింది. పాత బ్యానర్‌లో ఇంకా “3 నొక్కండి” అని ఉంటే తీసేయాలి. ఆ యువత కోసమే 1998 నుంచి పనిచేస్తున్న ట్రెవర్ ప్రాజెక్ట్ సొంత నంబరు 1-866-488-7386 పెట్టాలి. బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123. భారత్‌లో టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు, ఎప్పుడైనా ఉచితం. అది ప్రభుత్వ సేవ కాబట్టి చందా అడగక్కర్లేదు, నంబరు తెర మీద ఉంచితే అదే సాయం.

పేజీలో రాసే మాటలకూ ఇదే శ్రద్ధ కావాలి. “ఆత్మహత్యాయత్నం విఫలమైంది” అని రాస్తే బతకడమే ఓటమి అన్నట్టు వినిపిస్తుంది. “ప్రాణాలతో బయటపడ్డారు” అనండి. పరీక్ష తప్పినందుకే పోయాడు అని ఒకే కారణం అంటగట్టొద్దు.

టీషర్టులు అమ్మే పద్ధతితో దీన్ని పోల్చి చూడాలి. 2015లో ‘సూపర్‌నేచురల్’ సీరియల్ నటుడు జారెడ్ పాడలెకీ తన కుంగుబాటు గురించి బయటికి మాట్లాడి, ‘ఆల్వేస్ కీప్ ఫైటింగ్’ అన్న మాట ముద్రించిన చొక్కాలతో ‘టు రైట్ లవ్ ఆన్ హర్ ఆర్మ్స్’ అనే మానసిక ఆరోగ్య సేవాసంస్థకు నిధి సేకరించాడు. ఆ ఏడాది జూలైలో శాన్ డియాగో కామిక్‌కాన్ అనే అభిమానుల మేళా హాల్‌లో అభిమానులు అతని కోసం చిన్న బ్యాటరీ దీపాలు పట్టుకుని నిలబడ్డారు. లెక్కల్లో చొక్కా నష్టమే. గుడ్డ, ముద్రణ, రవాణా పోగా మిగిలిందే సంస్థకు వెళ్తుంది. కానీ ఛాతీ మీద ఉన్న మాట చూసి పక్కవాడు పలకరిస్తాడు, ఆ పని ఏ విరాళం పేజీ వల్లా కాదు. మా మాట ఏమిటంటే, డబ్బుకు టిల్టిఫై, మాట కలపడానికి చొక్కా. రెండూ చేయగలిగితే వేర్వేరు వారాల్లో చేయండి.

భారత్ నుంచి ఇచ్చేవాళ్లకు ఇది అంత సులువు కాదు. యూపీఐ పనికిరాదు. కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో విడిగా ఆన్ చేసుకోవాలి, మారకపు రుసుము అదనం. అమెరికా సంస్థకు ఇచ్చిన దానికి 80జీ కింద పన్ను మినహాయింపు లేదు. విదేశీ డబ్బును ఇక్కడి సంస్థకు మళ్లించాలంటే దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాల్సిందే. కాబట్టి హీరో పుట్టినరోజుకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సేకరించే సంఘాలు స్థానిక సంస్థ సొంత క్యూఆర్ కోడ్ వాడుకోవడమే మేలు. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లు మాత్రం రసీదు దాచుకుని కంపెనీ మ్యాచింగ్‌కు అడగాలి. చాలా కంపెనీలు అంతకు అంత కలుపుతాయి, అడగనివాళ్లే ఎక్కువ.

లైవ్ ముగిసిన వెంటనే చాట్ మూసేయకండి. చెప్పాలా వద్దా అని చివరిదాకా తటపటాయించినవాళ్లు ఆఖర్నే నోరు విప్పుతారు. ఒక మనిషి ఇంకో గంట అక్కడే ఉండేలా ముందే మాట్లాడుకోండి.